గీత పడని మిషను

బాగలూరు
11 ఫిబ్రవరి 1997

రామక్కకు శోభన నమస్కారాలు.

క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు, అందుకే ఆ ముక్క వదిలేస్తున్నాను. మొన్న బెంగళూరులో పవిత్రకు పరీక్ష అయింది. రెండు చెవులూ వినపడవట. నిద్రమందు తాగించి, తలకు వైర్లు అంటించి గంటసేపు చూశారు. తరువాత డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి కన్నడలో నెమ్మదిగానే చెప్పింది. కన్నడ నాకు రానిదా? అయినా ఆ రోజు ఒక్క మాటా తలకెక్కలేదు.  ఊళ్లో బస్సు దిగాక నీ మరిది, "అమ్మకు నువ్వే చెప్పు, నా చేత కాదు" అన్నారు.

మా అత్త విని, "మా వంశంలో మూగోళ్లు యాడుండారు? ఇది మీ పక్కనుంచి వచ్చినదే" అంది. ఆమెను తప్పు పట్టను. ఆ మాట కూడా ఏడుస్తూనే అంది.

పోయిన దీపావళికి గడప ముందే పటాకులు పేలుతుంటే ఈ పిల్ల కదలకుండా నిద్రపోయింది. నా బిడ్డకు ఎంత గుండె ధైర్యమో చూడండని పక్కింటివాళ్లకు చెప్పుకున్నాను. ఇప్పుడది తలచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తోంది. దానికి రెండేళ్ల నాలుగు నెలలు. ఇన్నాళ్లూ నేను పాడిన జోలపాటలన్నీ ఎవరికి పాడినట్టు?

నువ్వు కృష్ణగిరి సెంటరులో ఇలాంటి పిల్లల తల్లులకే పాఠాలు చెబుతావు. నాలుగేళ్లుగా వాళ్ల సంగతులు రాస్తుంటే, పాపం ఎవరి పిల్లలో అనుకుని చదివి పక్కన పెట్టేదాన్ని. ఇప్పుడు నాకు చెప్పు అక్కా. నువ్వు ఏది చెబితే అది చేస్తాను. నీ మాట దాటను.

నీ చెల్లెలు
శోభన

&nbsp;

కృష్ణగిరి
17 ఫిబ్రవరి 1997

శోభీ,

నీ ఉత్తరం సెంటరులోనే విప్పాను. తల్లుల ముందు ఏడిస్తే నా టీచరమ్మ దర్జా ఏమవుతుందని స్టోరు గదిలో దూరి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

కొత్తగా వచ్చే ప్రతి తల్లికీ ఏడవడానికి ఒక వారమిస్తాను. నువ్వు చెల్లెలివి కాబట్టి పది రోజులు తీసుకో. ఏ పక్కనుంచి వచ్చిందో డాక్టర్లకే అంతుపట్టదని మీ అత్త మద్దమ్మగారికి చెప్పు. మా ముప్పైమంది పిల్లల ఇళ్లలోనూ ఆ తగాదా ఉంది, ఒక్కచోటా తేలలేదు.

మార్చి రెండో తేదీ ఆదివారం ఇక్కడ క్యాంపు. బిడ్డ చెవికి అచ్చు తీసి వినికిడి మిషను ఇస్తారు. సబ్బు బిళ్లంత డబ్బా, గుడ్డ సంచిలో వేసి రొమ్ము మీద కట్టాలి, వైరు చెవికి పోతుంది. ఇచ్చేవి తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. నా పేరున సంతకం పెట్టి ఒకటి పట్టి ఉంచుతాను.

ఒక్క సంగతి గుండెలో రాసుకో. అయిదేళ్లలోపే బిడ్డ మాటను తనంతట తాను పట్టుకుంటుంది. ఆ తరువాత ఒక్కొక్క మాటనూ లాగి తేవాలి, చాలామందికి అదీ రాదు. మనకు రెండున్నరేళ్లు పైనే ఉన్నాయి. చాలు. పవిత్ర నిన్ను "అమ్మా" అని పిలవకపోతే నా పేరు మార్చుకుంటాను.

కోపంగానూ ప్రేమగానూ,
రామలక్ష్మమ్మ

&nbsp;

కృష్ణగిరి
6 మార్చి 1997

శోభీ,

క్యాంపు రోజు ఆ గుంపులో నీతో నాలుగు మాటలు కూడా చెప్పలేకపోయాను. బిడ్డకు మిషను కట్టించుకుని నువ్వు అలా నిలబడితే నాకు నీ పెళ్లినాటి మొహం గుర్తుకొచ్చింది. అంత బెదురు.

మొదట రోజుకు పది నిమిషాలు చాలు. సందడి లేనప్పుడు చాప మీద కూర్చోబెట్టి తగిలించు. బిడ్డకు అలవాటు కావాలి. ఒక్కసారిగా ఎక్కువ పెడితే బెదిరి మళ్లీ దగ్గరికి రానివ్వదు. ఎప్పుడు ఎంత పెంచాలో నేను రాస్తాను. నా మాట వచ్చేదాకా తొందరపడకు.

ఇక నీ నోటికి మాత్రం సెలవు లేదు. పొద్దున లేచింది మొదలు మాట్లాడుతూనే ఉండు. చెంబు ఎత్తితే చెంబు అను, పువ్వు కోస్తే పువ్వు అను. ఎవరు నవ్వినా ఆపకు. చిన్నప్పుడు నీ వాగుడు భరించలేక నాన్న గుర్రప్పగారు పొలానికి పారిపోయేవారు కదా, ఆ వాగుడంతా ఇప్పుడు బయటికి తియ్యి.

ఇట్లు,
తల్లులను సతాయించే నీ అక్క

&nbsp;

బాగలూరు
3 ఏప్రిల్ 1997

రామక్కకు,

తిట్టనని మాట ఇచ్చి ఈ ఉత్తరం చదువు.

మొన్న రోజాతోటకు నీళ్లు కడుతున్నారు. గట్టు మీద కూర్చోబెట్టి మిషను తగిలించాను. పది నిమిషాలు కాకముందే పవిత్ర దాన్ని పీకి కాలవలోకి విసిరేసింది. మా మామ అంజనప్పగారు పంచె తడుస్తున్నా చూసుకోకుండా దిగి తీశారు. రెండు రోజులు ఎండలో పెట్టాం. ఇప్పుడు చెవి దగ్గర పెట్టుకుంటే కుయ్యిమంటోంది. అంటే బాగున్నట్టే కదా?

మా అత్తయితే, "వాళ్లక్క సంతకం పెట్టి తెచ్చినాది. పాడైతే ఆయమ్మ మొగం ఎట్ల చూసేది?" అని ఆ రోజు అన్నం ముట్టలేదు. నీ మరిది కూడా, "ఇంగ జాగ్రత్తగా చూసుకోవల్ల" అన్నారు.

నీకు చెప్పకుండా దాచుదామనుకున్నాను, మనసు ఒప్పలేదు.

భయంతో,
శోభన

&nbsp;

కృష్ణగిరి
8 ఏప్రిల్ 1997

శోభనా,

తిట్టనని నేను మాట ఇవ్వలేదు.

కాలవ గట్టు మీద కూర్చోబెట్టావా! నీకు బుద్ధి ఎప్పుడు వస్తుంది? నేను ఏడో తరగతి పాసైతే నాన్న కొనిచ్చిన ఇంకు పెన్ను గుర్తుందా? రెండో రోజే దానితో మట్టి తవ్వి పాళీ విరిచావు. ఇరవై ఏళ్లయినా నీ చేతులు మారలేదు. ఇది పెన్ను కాదు. పోతే రెండేళ్లదాకా ఇంకొకటి రాదు. సంతకం నాది, మాట పడేది నేను.

ఇప్పుడు చెబుతున్నాను, విను. దీన్ని కంటికి రెప్పలా చూసుకో. నీళ్లు పారే రోజు బయటికి తియ్యనే తియ్యకు. దుమ్ము, చెమట, ఎలుకలు, ఏదీ తగలకూడదు. నేను చూసేనాటికి దాని మీద ఒక్క గీత ఉన్నా నీతో మాట్లాడను.

బిడ్డకు ముద్దులు. నీకు లేవు.

రామలక్ష్మమ్మ

&nbsp;

బాగలూరు
14 అక్టోబర్ 1997

రామక్కకు నమస్కారాలు.

పోయిన నెల మీ సెంటరుకు వచ్చినప్పుడు మిషను పెట్టగానే పవిత్ర అంత గోల చేసినందుకు నాకు తల కొట్టేసినట్టయింది. నువ్వు ఏమీ అనకుండా మిషనును తిప్పితిప్పి చూసి, "ఇంత శుభ్రంగా పెట్టుకున్నావే" అన్నావు. ఆ ఒక్క మాట చాలు. దారంతా అదే తలచుకుంటూ వచ్చాను.

ఆయుధపూజ బాగా జరిగింది. మోటారు, మందు కొట్టే స్ప్రేయరు, పూల కత్తెరలు, నీ మరిది స్కూటరు, అన్నిటికీ గంధం కుంకుమ పెట్టాం. మా అత్త పవిత్ర మిషనును తమలపాకు మీద పెట్టి, దానికీ ఒక బొట్టు పెట్టి హారతి ఇచ్చింది. "నా మనవరాలికి నోరిచ్చే దేవుడు ఇదేగదా" అంది. అందరమూ కళ్లు తుడుచుకున్నాం.

నువ్వు చెప్పినట్టు పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉన్నాను. పూలు కోసే ఆడవాళ్లు నన్ను రేడియో అంటున్నారు. అననీ. మొన్న చెంబు చూపించి "చెంబు తే" అంటే పరుగెత్తి తెచ్చింది! నా నోటి వంక ఎలా చూస్తుందనుకున్నావు, ఒక్క క్షణం కన్ను తిప్పదు. ఇంకా మాట మాత్రం రాలేదు.

మిషనుకు బ్యాటరీ సెల్లులు పంపనా అని అడిగావు. వద్దు, మొదట ఇచ్చినవే ఇంకా ఉన్నాయి. మిషను మీద ఒక్క గీత కూడా పడలేదు.

నీ రేడియో,
శోభన

&nbsp;

కృష్ణగిరి
2 నవంబర్ 1997

రేడియో స్టేషనుకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "చెంబు తే" అంటే తెచ్చిందా! అంటే శబ్దం లోపలికి పోతోంది. మాట కూడా అదే దారిన వస్తుంది, చూస్తూ ఉండు. సెంటరులో ఏడ్చింది కొత్త చోటు కాబట్టి. దాన్ని లెక్క చేయకు. ఇక రెండేసి మాటలు కలిపి చెప్పు. ఎర్ర పువ్వు. పెద్ద చెంబు.

మొన్న తల్లుల మీటింగులో నీ ఉత్తరం బిగ్గరగా చదివి వినిపించాను. జవళగిరి నుంచి మారియమ్మ అని ఒకామె వస్తుంది, కూలి పని, కొడుకును చంకనేసుకుని రెండు బస్సులు మారి. ఆమె పిల్లవాడి మిషను మీద అన్నం మెతుకులు, చీమిడి, వైరుకు రెండు ముడులు. "మా చెల్లెలిని చూసి నేర్చుకో, ఎనిమిది నెలలైనా ఒక్క గీత లేదు" అన్నాను. పాపం, తల వంచుకుంది.

సెల్లులు మీ ఊరి కొట్లోనే కొంటున్నారు కాబోలు, మంచిదే. మిషనుకు పెట్టిన కుంకుమ చిల్లులోకి పోకుండా తుడిచావు కదా? దేవుడికైనా ఊపిరాడాలి.

గర్వంతో,
నీ అక్క

&nbsp;

బాగలూరు
21 జూన్ 1998

రామక్కా,

మా అత్త కాలు విరిగి మంచం పట్టింది. నేను కృష్ణగిరి రాలేకపోయింది అందుకే, నీ మాట తీసేసి కాదు. నువ్వూ ఊరూరా క్యాంపులంటూ తిరుగుతున్నావట.

దాచడం దేనికి, నాకు విసుగొచ్చింది. పవిత్రకు మూడేళ్ల ఎనిమిది నెలలు. పువ్వు అని నేను ఎన్ని వేలసార్లు అన్నానో! పోయిన వారం గొంతు పూడిపోయి మూడు రోజులు మాట రాలేదు. ఆ మూడు రోజులూ నేను మాట్లాడటం లేదని దానికి తెలియనే లేదు అక్కా. ఎప్పటిలాగే ఆడుకుంది. అది చూసినప్పటినుంచీ నాకు రాత్రీ పగలూ అదే బెంగ.

దాని చెవి ఎప్పుడు తెరుచుకుంటుంది? తేదీ చెప్పమనడం లేదు. తెరుచుకుంటుందని మాత్రం రాయి.

శోభన

&nbsp;

కృష్ణగిరి
29 జూన్ 1998

శోభీ,

కొందరు పిల్లలకు రెండేళ్లు పడుతుంది. చెవి తెరుచుకుంటుంది, నోరూ తెరుచుకుంటుంది. ఇప్పుడు వదిలేస్తే చేసినదంతా వృథా. చేస్తున్నదే చెయ్యి, అలాగే చెయ్యి. దేనినీ మార్చకు.

బర్గూరు క్యాంపుకు జీపు వచ్చి నిలబడింది. నిలబడే రాస్తున్నాను.

రా.

&nbsp;

బాగలూరు
25 నవంబర్ 1998

రామక్కకు,

హోసూరులో గృహప్రవేశానికి వచ్చి, చెప్పకుండా మా గడప తొక్కావు. పవిత్ర నీ చీర కుచ్చిళ్లు పట్టుకుని తిరిగింది. విస్తరి వేసి పిలిస్తే అన్నం ముట్టకుండా వెళ్లిపోయావు. మేము చేసిన తప్పేమిటి?

మిషను ఏదని నువ్వు అడిగావు. మా అత్త కర్ర పట్టుకుని లేచి, బీరువా తీసి, పసుపుగుడ్డ మూట విప్పి నీ చేతిలో పెట్టింది. ఎంత సంతోషంగా ఇచ్చింది! నీ మొహం ఒక్కసారిగా నల్లబడింది. చీమలు పట్టకుండా వేసిన కర్పూరం వాసన పడలేదా? పోయిన ఆయుధపూజ కుంకుమ అంచున కొంచెం మిగిలింది, అదా?

నువ్వు చెప్పినది ఒక్కటీ తప్పలేదు. నీ ఉత్తరాలన్నీ ఆ గుడ్డలోనే పెట్టుకున్నాను. నీళ్లు పారే రోజు తీయవద్దన్నావు. మా తోటకు శుక్రవారం తప్ప అన్ని రోజులూ నీళ్లు కడతారు. అందుకని ప్రతి శుక్రవారం దీపం పెట్టాక చాప మీద కూర్చోబెట్టి పది నిమిషాలు పెట్టి తీశాం. ఒక్క శుక్రవారం మానలేదు. కంటిచుక్కల మందులా కొంచెం కొంచెంగా చెవి తెరుచుకుంటుందనుకున్నాం. ఎంత పెంచాలో నువ్వు రాస్తానన్నావు. రాయలేదు. నువ్వు మరిచిపోతావా? ఇంకా వేళ కాలేదేమో అనుకున్నాను.

కోపమైతే తిట్టు. ఊరుకోవద్దు.

శోభన

&nbsp;

కృష్ణగిరి
3 డిసెంబర్ 1998

శోభనా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను.

అది మందు కాదు. కళ్లద్దాల లాంటిది. పెట్టుకున్నంతసేపే వినపడుతుంది, తీస్తే లేదు. పొద్దున లేచిన దగ్గరనుంచి పడుకునేదాకా ఉండాలి. నువ్వు గొంతు పూడిపోయేలా చెప్పిన మాటలు దానికి ఒక్కటీ చేరలేదు. నీ వేలు చూసి చెంబు తెచ్చింది. వారానికి పది నిమిషాలు మాత్రం ఏవో చప్పుళ్లు విన్నది, అవి ఏమిటో తెలియక ఏడ్చింది.

ఈ సంగతి సెంటరులో అడుగుపెట్టిన ప్రతి తల్లికీ మొదటి రోజే చెప్పాలి. ముప్పైమందికి నేర్పిన నేను నీకు చెప్పలేదు. పెంచమని రాస్తానన్నాను, కాలవ సంగతి వినగానే ఒళ్లు తెలియని కోపంలో పెన్ను కథ రాశాను, పెంచమన్న మాట మరిచాను. శుభ్రంగా ఉన్న మిషను నా చేతిలో పెడితే మెచ్చుకున్నాను. వాడే మిషను అంత శుభ్రంగా ఎలా ఉంటుందని నాకు తోచలేదు. ఏడాదిన్నర సెల్లులు అడగకపోతే తోచలేదు. నీ తప్పు ఏమీ లేదు. నువ్వు నా మాట దాటలేదు, అంతే.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ మీటింగు తరువాత సెంటరుకు రావడం మానేసిన మారియమ్మ ఇల్లు నిన్న జవళగిరి వెళ్లి వెతికాను. నీ ఉత్తరం విన్న రోజునుంచి ఆమె మిషనును ట్రంకుపెట్టెలో పెట్టిందట. నన్ను చూడగానే పెట్టె తీసి, "సూడక్కా, ఒక్క మెతుకు కూడా లేదు" అని నవ్వుతూ చూపించింది. మెతుకులంటిన రోజుల్లో ఆ పిల్లవాడు "అవ్వ" అనేవాడు. ఇప్పుడు అనడం లేదు.

పవిత్రకు నాలుగేళ్లు దాటాయి. ఈ రోజునుంచి రోజంతా పెట్టు. విసిరినా పెట్టు, తడిసినా పెట్టు, విరిగితే విరగనీ. మాట వస్తుందని మాత్రం ఈసారి నేను రాయలేను. నాకు తెలియదు.

నేను పెద్దదాన్ని, నిన్ను క్షమించమని అడగకూడదంటారు. అడుగుతున్నాను.

రామలక్ష్మమ్మ

&nbsp;

బాగలూరు
19 జనవరి 1999

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు పొయ్యి వెలిగించలేదు. నెలన్నర నీకు రాయలేదు. కోపంతోనే రాయలేదు, అబద్ధం ఎందుకు? చిన్నప్పుడు విరిచిన ఒక్క పెన్ను కోసం నా బిడ్డ నోరు పోయిందని అనుకుంటూ పడుకున్న రోజులున్నాయి. తరువాత, నేనెందుకు ఒక్కసారైనా అడగలేదని నన్నే తిట్టుకున్నాను. ఇప్పుడు రెండిటికీ ఓపిక లేదు.

మా అత్తకు చదివి వినిపించాను.  ఆమె, "నా చేత్తోనే బిడ్డ నోటిని బీరువాలో పెట్టి బీగమేసినానేమ్మా" అని తల గోడకేసి కొట్టుకుంది. తాళంచెవి నా కొంగుకు కట్టేసింది. నీ మరిది తోటలో ఒక్కరే తిరుగుతున్నారు.

రోజంతా పెడుతున్నాను. మొదటి రోజు కుక్కరు కూత పెడితే మంచం కిందికి దూరి సాయంత్రందాకా రాలేదు. ఇప్పుడు అంత భయం లేదు, కానీ పిలిస్తే తిరిగి చూడదు. మాటకూ మోటారు మోతకూ దానికి తేడా లేదు. నేను ఎదుట కూర్చుని మాట్లాడితే అరచేత్తో నా నోరు మూస్తుంది. అలసిపోతోంది కాబోలు.

అక్కా, అన్నిటికన్నా నేను తట్టుకోలేనిది ఇది. చీకటి పడేసరికి అదే మిషను విప్పుతుంది. ఎవరూ చెప్పకుండానే పసుపుగుడ్డ తెచ్చి, పరిచి, వైరు చుట్టి, నాలుగు మూలలూ మడిచి మూట కడుతుంది. బీరువా ముందు నిలబడి చేతులు జోడించి కళ్లు మూసుకుంటుంది. కళ్లు తెరిచి తాళం తీయమని నా కొంగు లాగుతుంది. మేము నేర్పినదాన్ని అంత బాగా నేర్చుకున్న బిడ్డ, అక్కా. ఏదైనా నేర్చుకునేది.

నేను తాళం తీయను. అది ఏడుస్తుంది. అప్పుడు మాత్రం నోటినుంచి ఏదో శబ్దం వస్తుంది, మాట కాదు.

మిషను మూలన సొట్ట పడింది, సంచికి అన్నం మరకలు, వైరుకు ఒక ముడి. సెల్లులు అయిపోయాయి. మా ఊరి కొట్లో ఆ రకం లేవు. హోసూరు బస్సులో పంపు. ఈసారి మరిచిపోకు.

శోభన